చేతిలోని ఫోను, మూలనున్న పొరక

ధ్యాన భాగములు: లూకా 10:38–42, లూకా 15:8–10, యోహాను 13:1–17, యోహాను 21:9–13



మన పల్లె ఇండ్లలో తెల్లవారుజామున రెండు వస్తువులు మేల్కొనును. ఒకటి పొరక, రెండవది ఫోను. పొరకను తల్లియో, కోడలో, పెద్ద కూతురో పట్టుకొనును. ఫోనును తక్కినవారు పట్టుకొందురు. వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, బిందెలు నింపి, గొడ్లకు మేతవేసి, పొయ్యి వెలిగించి, జొన్నరొట్టెలు తట్టువరకు ఒకరి నడుము వంగియే యుండును. అంతసేపును మరియొకరి మెడ ఫోనుమీద వంగియుండును. రెండును వంగుటయే. అయితే ఒకరు వంగుటవలన ఇంటిల్లిపాది కడుపు నిండుచున్నది. రెండవవారు వంగుటవలన ఇంటికి కలుగు మేలేమి? ఈ మాసము దీనినిగూర్చి వాక్యపు వెలుగులో ఆలోచింతము.

“అయ్యగారూ, పొరకయు ఫోనును ప్రసంగపీఠమున చెప్పదగిన సంగతులా?” అని కొందరు అడుగవచ్చును. మన ప్రభువు ఏమి చెప్పెనో చూడుడి. లూకా సువార్త పదునైదవ అధ్యాయములో మూడు ఉపమానములున్నవి. తప్పిపోయిన గొఱ్ఱెను వెదకిన కాపరిని మనమందరము ఎరుగుదుము. తప్పిపోయిన కుమారుని కొరకు ఎదురుచూచిన తండ్రిని ఎరుగుదుము. ఆ రెంటి నడుమనున్న స్త్రీని మాత్రము మరచిపోవుచున్నాము. ఆమెకు పది నాణెములుండగా ఒకటి పోయెను. ఆమె దీపము వెలిగించి, ఇల్లంతయు ఊడ్చి, దొరకువరకు వెదకెను. నశించినదానిని దేవుడు ఎట్లు వెదకునో చూపుటకు ప్రభువు పొరక పట్టిన ఇల్లాలిని మన యెదుట నిలిపెను. పొరకను ఆయన తక్కువ చేయలేదు. మనమేల తక్కువ చేయవలెను?

మరియు యోహాను సువార్త పదుమూడవ అధ్యాయము చూడుడి. ఆ దినములలో అతిథుల కాళ్లు కడుగుట సేవకుల పని. ప్రభువు భోజనపు పంక్తినుండి లేచి, తువాలు నడుమునకు కట్టుకొని, పళ్లెములో నీళ్లు పోసి, శిష్యుల పాదములు కడిగెను. సిలువకు ముందు రాత్రి ఆయన చేసిన పని ఇది. పునరుత్థానుడైన తరువాత ఏమి చేసెను? ఇరువదియొకటవ అధ్యాయము చదువుడి. రాత్రియంతయు వలలు వేసి అలసివచ్చిన శిష్యులకొరకు ఆయన ఒడ్డున నిప్పులు సిద్ధము చేసి, చేపలు కాల్చి, రొట్టె పెట్టెను. మరణమును జయించినవాడు పొయ్యి దగ్గర కూర్చుండెను! అట్టివానిని ప్రభువని పిలుచుచు, “వంట ఆడవాండ్ల పని, నాకేమి?” అని మనము అనగలమా?

ఇక ఫోను మాట. ఫోను పాపమనియు, దానిని బావిలో పారవేయుడనియు నేను చెప్పుటలేదు. తెలుగు క్రొత్త నిబంధన 1818లో అచ్చయ్యెను. అటుపిమ్మట ఎన్నో యేండ్లవరకు పల్లెలలో గ్రంథము చదువగలవాడు ఒకడో ఇద్దరో యుండిరి. తక్కినవారు వారి నోట వినవలసినదే. నేడు బైబిలు యాపు ఫోనులోనున్నది. అది అధ్యాయములను చదివి వినిపించును గూడ. అక్షరము రాని అవ్వ శెనక్కాయలు ఒలుచుకొనుచు కీర్తనలు వినవచ్చును. 2016లో యూపీఐ వచ్చినది. నాటినుండి ఫోన్‌పే మొదలైన యాపులవలన, కరెంటు బిల్లు కట్టుటకు ఎండలో నడిచిపోయి వరుసలో నిలుచు బాధ చాలమందికి తగ్గినది. వాట్సాపు ద్వారా సంఘములోని రోగి సంగతి క్షణములో తెలిసి అందరము ప్రార్థించుచున్నాము. ఇవన్నియు మేలులే.

మన సీమలో ఈ ఫోను విలువ అందరికంటె ఎక్కువగా తెలిసినవారు కొందరున్నారు. రాయచోటి, రాజంపేట ప్రాంతములనుండి ఎందరో తల్లులు కువైటునకు ఇంటిపనికి పోయిరి. అక్కడ పరుల ఇల్లు ఊడ్చి, పరుల బట్టలుతికి, పరుల బిడ్డలను ఎత్తుకొని, రాత్రి పని ముగిసిన పిమ్మట ఐఎంఓలోనో వాట్సాపులోనో తమ బిడ్డల ముఖము చూచుకొందురు. ఆ తల్లికి ఆ చిన్న అద్దమే ఇల్లు. ఆమె ఊడ్చిన పొరకవలననే ఇక్కడి బిడ్డ బడి ఫీజు కట్టబడుచున్నది. అనేకసార్లు ఆ బిడ్డ చేతిలోని ఫోనును ఆమె చెమటతో కొన్నదే. ఇంటిపని విలువలేని పనియని చెప్పువాడు ఆమె ముఖము చూచి ఆ మాట చెప్పగలడా? దూరదేశములో చేసినపుడు జీతము వచ్చు పని, మన ఇంటిలో చేసినపుడు పనియే కాకుండ పోవునా?

ప్రియులారా, ఒక లెక్క వినుడి. 2019లో జాతీయ గణాంక కార్యాలయమువారు దేశమంతట జనులు దినమును ఎట్లు గడుపుదురో విచారించిరి. ఇంటిపని చేసిన స్త్రీలు దానికై దినమునకు సగటున 299 నిమిషములు, అనగా ఇంచుమించు 5 గంటలు వెచ్చించిరి. చేసిన పురుషులు వెచ్చించినది 97 నిమిషములు. ఆ పురుషులైనను ఎందరు? ఆరేండ్లు దాటిన మగవారిలో నూటికి 26 మంది మాత్రమే. తక్కినవారు ఆ దినమున ఇంటిపనిమీద చేయి పెట్టనేలేదు.

“మేము పొలములో, నాపరాతి గనిలో కష్టపడి వచ్చితిమి గదా” అని పురుషులు చెప్పుదురు. నిజమే, ఆ కష్టమును దేవుడెరుగును. అయితే మీతోకూడ శెనక్కాయ చేనిలో కలుపు తీసినది ఎవరు? ఆమెయు అదే ఎండలో నిలిచెను, అదే దారిన ఇంటికి వచ్చెను. ఇల్లు చేరిన తరువాత మీరు మంచముమీద ఫోను పట్టుకొంటిరి. ఆమె కడవ పట్టుకొనెను.

మరికొందరు మార్త కథను ఎత్తిచూపి, “ప్రభువు పనిచేసిన మార్తను గద్దించి, కూర్చున్న మరియను మెచ్చుకొనెను” అందురు. మార్త మొరను సరిగా చదువుడి. తన్ను ఒంటరిగా పనికి విడిచిరని ఆమె దుఃఖము. ప్రభువు ఆమె పనిని నిందింపలేదు. అనేకమైన పనులచేత ఆమె హృదయము తొందరపడుటను చూచి జాలిపడెను. మరియ ఆయన పాదములయొద్ద వాక్యము వినుచుండెను. రీల్సు ముందు రెండు గంటలు కూర్చున్నవాడు మరియ కాడు. మన ఇండ్లలోని మార్తలు గూడ ప్రభువు పాదములయొద్ద కూర్చుండవలెనన్నచో, వారి చేతిలోని పనిలో సగము మరియొకరు పుచ్చుకొనవలెను.

డబ్బు పెట్టి ఆడు ఆటల సంగతియు ఒక్క మాట. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆన్‌లైన్ రమ్మీ మొదలైనవాటిని నిషేధించెను. 2025లో కేంద్ర ప్రభుత్వమును ఇట్టి ఆటలమీద చట్టము చేసెను. అయినను మందలో ఏ యువకుడైనను విత్తనపు డబ్బు అందులో పోగొట్టుకొనియుంటే, దాచిపెట్టి కుమిలిపోవద్దు. ప్రాణముమీదికి తెచ్చుకొనవద్దు. ఇంటివారితో చెప్పుము, కాపరితో చెప్పుము. పోయిన నాణెమును వెదకు దేవుడు నిన్నును వెదకును.

కావున ఈ మాసము ప్రతి కుటుంబము ఈ నాలుగు సంగతులు చేసి చూడవలెనని బ్రతిమాలుచున్నాను.

మొదటిది, సాయంకాలమున పొయ్యి వెలిగినది మొదలు బోకులు తోమి బోర్లించువరకు ఎవరును ఫోను ముట్టకుడి. పని అందరును పంచుకొనుడి. పిమ్మట కలిసి కూర్చుండి ఒక కీర్తన చదివి ప్రార్థించుడి.

రెండవది, మగబిడ్డలకు సంగటి కెలుకుటయు, రొట్టె తట్టుటయు, బండలు తుడుచుటయు నేర్పుడి. “ఇంట గెలిచి రచ్చ గెలువు” అన్నారు పెద్దలు. రచ్చకట్టమీద గొప్పగా మాటలాడువాడు మొదట ఇంటిలో ఒక చెంబు నీళ్లు తెచ్చి ఇయ్యవలెను. ఇది కాపరి ఇంటిలోను, సంఘపెద్దల ఇండ్లలోను ముందుగా జరుగవలెను.

మూడవది, ఇంటి స్త్రీకి ఫోను వాడుక ఓపికతో నేర్పుడి. ఆమె పొదుపు సంఘపు డబ్బు లెక్క ఆమెయే చూచుకొనవలెను. ఆమె బైబిలు యాపు ఆమెయే తెరచుకొనవలెను.

నాలుగవది, కువైటులో తల్లియో అక్కయో యున్నవారు ఫోనులో డబ్బు మాట ఎత్తకముందు, “అమ్మా, తింటివా? నీ ఒళ్లు బాగున్నదా?” అని అడుగుడి.

ఫోను చేతిలోనికి తీసికొనినప్పుడెల్ల ఒక ప్రశ్న వేసికొనుడి: ఇప్పుడు పొరక ఎవరి చేతిలోనున్నది? మన ఫోను ఇతరుల బరువును తగ్గించుచుండినయెడల అది దేవుని వరము. మన బరువును ఇతరుల నడుముమీదికి నెట్టుచుండినయెడల దానిని క్రింద పెట్టవలసిన వేళ వచ్చినది.

ప్రార్థింతము: తువాలు కట్టుకొని పాదములు కడిగిన ప్రభువా, ఒడ్డున నిప్పులు వేసి అలసినవారికి ఆహారము పెట్టిన యజమానుడా, మా ఇండ్లలో వంగిన నడుములను మాకు చూపుము. మా చేతులకు సిగ్గులేని సేవ నేర్పుము. దూరదేశములో పనిచేయు మా తల్లులను, అక్కచెల్లెండ్రను కాపాడి క్షేమముగా ఇల్లు చేర్చుము. ఆమేన్.