పాట వినేవాడి బాకీ

పాట బాగుంటే వింటాం, కట్టినవాడు ఎవడో, ఏం తిని బతుకుతున్నాడో వినేవాడికెందుకు, అని ఈ మధ్య ఒక సహాధ్యాపకుడు నాతో వాదించాడు. ఆయన అభ్యుదయవాదే. వరికి గిట్టుబాటు ధర కావాలని రైతులతో కలిసి ఊరేగింపులో నడిచిన మనిషి. బియ్యం విషయంలో తోచిన ప్రశ్న పాట విషయంలో ఆయనకు తోచకపోవటం నాకు వింతగా కనిపించింది. అయినా ఆ పూట గట్టిగా జవాబు చెప్పలేకపోయాను. కారణం వున్నది. మా వాదం సిక్‌స్టో రోడ్రిగెజ్ పాటల మీద మొదలయింది. ఆ పాటలు నాకు 2013లో, ఎం.ఏ. చదివే రోజుల్లో, హాస్టలు మిత్రుడి పెన్‌డ్రైవులో దొరికాయి. అప్పటినుంచీ వింటూనే వున్నాను. వాటికి నేను చెల్లించినది సున్న.

పెద్ద కంపెనీల నీడన చేరకుండా సొంతంగా కట్టుకుని పాడుకునే వారిని ఇప్పుడు ఇండీ గాయకులంటున్నారు. ఆ మాట ఇంతగా వాడుకలోకి రాకముందే ఆ బతుకు బతికినవాడు రోడ్రిగెజ్. 1942లో డెట్రాయిట్‌లో, మెక్సికో నుంచి వలస వచ్చిన శ్రామిక కుటుంబంలో ఆరవ బిడ్డగా పుట్టాడు. 1970లో 'కోల్డ్ ఫాక్ట్', 1971లో 'కమింగ్ ఫ్రమ్ రియాలిటీ' అనే రెండు రికార్డులు ఒక చిన్న కంపెనీ ద్వారా వచ్చాయి. కార్ల పరిశ్రమ నగరపు పేదవాడల మనుషులు, మత్తుమందులు, ఉద్యోగం ఊడినవాడి దిగులు, పాలకుల మీద వెటకారం, ఇవీ ఆ పాటలు. గొంతులో ఆర్భాటం వుండదు. వీధి మలుపులో నిలబడి తనలో తాను అనుకుంటున్నట్టుంటుంది. నన్ను పట్టుకున్నది ఆ నిబ్బరమే. మన ఉద్యమగేయాల్లో పిడికిలి ఎక్కువ, ఈ నిబ్బరం తక్కువ అని నా అభిప్రాయం. కాదనేవారు కాదనవచ్చు.

అమెరికాలో ఆ రికార్డులు ఎవరూ కొనలేదు. కంపెనీ ఆయనను వదిలేసింది. రోడ్రిగెజ్ పాత ఇళ్ళు పడగొట్టే పనిలో, మరమ్మతు పనుల్లో కూలీగా చేరాడు. 1981లో తత్వశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నాడు. స్థానిక ఎన్నికల్లో నిలబడి ఓడిపోయాడు.

ఇదంతా జరుగుతుండగా, ఆయనకు తెలియకుండానే దక్షిణాఫ్రికాలో ఆయన పేరు మారుమోగింది. జాత్యహంకార ప్రభుత్వం కింద ఊపిరాడని తెల్లజాతి యువకులు, నిర్బంధ సైనిక సేవకు పోయిన కుర్రవాళ్ళు ఆ పాటలను నోటికి నేర్చుకున్నారు. ప్రభుత్వ రేడియో భాండాగారంలోని రికార్డు మీద, అభ్యంతరమనుకున్న పాట గాడిని మొనదేలిన పనిముట్టుతో గీకి పాడుచేశారు. ఆ నిషేధం పాటకు మరింత విలువ కట్టింది. పాటగాడి సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. చచ్చిపోయాడన్నారు. వేదిక మీద ఒళ్ళు తగలబెట్టుకున్నాడని కొందరు, తుపాకితో కాల్చుకున్నాడని కొందరు చెప్పుకున్నారు.

నా ప్రశ్న ఇక్కడే. అంత ప్రేమించినవారు ఆయన చావును అంత సులువుగా ఎందుకు నమ్మారు? చచ్చినవాడు ఏమీ అడగడు. అద్దె కట్టాలనడు, ముసలివాడైపోడు, తన పాటలకు మనం చెప్పుకున్న అర్థం తప్పనడు. చావు కథతో పాట పూర్తిగా వినేవాడి సొంతమైపోతుంది. ప్రేమ అనుకుంటున్న దానిలో కొంత భాగం స్వాధీనం చేసుకోవటమే.

వారిపట్ల ఇది అన్యాయం కాదా అనవచ్చు. ప్రపంచం ఆ దేశాన్ని బహిష్కరించింది, లోపల సెన్సారు వున్నది, వార్తలు అందే దారి లేదు. నిజమే. కాని రోడ్రిగెజ్ 1979లోనూ 1981లోనూ ఆస్ట్రేలియాలో నిండు సభల్లో పాడాడు. బతికే వున్నాడు, పాడుతూనే వున్నాడు. తమాషా ఏమిటంటే, ఆయనను లోకానికి తిరిగి పరిచయం చేసిన 'సర్చింగ్ ఫర్ షుగర్ మ్యాన్' అనే 2012 నాటి డాక్యుమెంటరీ కూడా ఆస్ట్రేలియా సంగతి ఎత్తలేదు. కథ పలచబడుతుంది గదా! ఆస్కారు తెచ్చుకున్న ఆ చిత్రమంటే నాకు ఇష్టమే. ఆ మౌనం ఇష్టం లేదు.

మరొక సంగతి. వుయిసిలే మినీ అనే కార్మిక నాయకుడు, పాటలు కట్టినవాడు, 1964లో ప్రిటోరియా జైలులో ఉరికంబమెక్కాడు. మిరియమ్ మకేబా పాస్‌పోర్టును 1960లోనే రద్దు చేశారు. డెట్రాయిట్ గాయకుడి కోసం ఆరాటపడిన ఆ ఇళ్ళలో ఎన్నిట్లో మినీ పాట వినిపించిందో! దూరపు తిరుగుబాటును ప్రేమించటం తేలిక. ఇంటి పక్కన తిరుగుబాటుకు పాట కట్టినవాడు మన గుమ్మం తడతాడు.

1997లో స్టీఫెన్ సెగర్‌మన్, క్రెయిగ్ బార్తొలొమ్యూ స్ట్రైడమ్ అనే అభిమానులు వెదికి పట్టుకున్నారు. ఎలా చనిపోయాడో తెలుసుకోవాలని బయలుదేరిన స్ట్రైడమ్‌కు, బతికే వున్నాడని తెలిసింది. 1998లో ఆయన దక్షిణాఫ్రికా వెళ్ళి వేల మంది ముందు పాడాడు. తిరిగొచ్చి, వచ్చిన డబ్బులో చాలా భాగం బంధుమిత్రులకు పంచి, పాత ఇంట్లోనే వున్నాడు. అక్కడ అమ్ముడైన రికార్డుల సొమ్ము అమెరికాకు పంపామని అక్కడి కంపెనీలన్నాయి. ఆయన చేతికి రాలేదు. తరువాత వ్యవహారం కోర్టుకెక్కింది.

ఆయనే బాధపడలేదు, మధ్యన మీకెందుకు, అని నా మిత్రుడి చివరి అస్త్రం. కూలీ నోరెత్తలేదు గనక కూలి ఇవ్వనక్కరలేదని ఏ కామందయినా అంటే మనం ఒప్పుకుంటామా? రోడ్రిగెజ్ నిర్లిప్తత ఆయన గొప్పతనం. దాన్ని మన రశీదుగా వాడుకోకూడదు.

ఆ బాకీ డబ్బుతో తీరేదయితే సమస్య చిన్నది. ఒకనాడు క్లాసులో ఒక విద్యార్థి వంగపండు ప్రసాదరావు పాట ఎత్తుకున్నాడు, చక్కగా పాడాడు. ఎవరిదిరా అంటే సినిమా పాట సార్ అన్నాడు. అతన్ని కసురుకోబోయి ఆగాను. అల్లసాని పెద్దన పల్లకి ఎవరు మోశారో, ఏయే అగ్రహారాలు పుచ్చుకున్నాడో పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. వంగపండుది పార్వతీపురం దగ్గర పెదబొండపల్లి అని ఆ సాయంత్రం వెదికితే గాని నాకు తెలియలేదు. ఆయన 2020లోనే పోయాడు.

రోడ్రిగెజ్ 2023 ఆగస్టు 8న పోయాడు. ఆ వార్త చదివిన తరువాత గాని ఆయన రికార్డు డబ్బిచ్చి కొనాలని నాకు తోచలేదు. కొన్నాను. ఆ సొమ్ము ఎవరికి చేరిందని మిత్రుడు అడిగాడు. ఇంకా కనుక్కుంటున్నాను.