చేయి ఎత్తక ముందు



సంఘకాపరికి ఇష్టమైన సినిమా యేమిటని మీలో కొందరు నవ్వవచ్చును. అయినను నాకు ఒకటున్నది. దాని పేరు ‘ట్వెల్వ్ యాంగ్రీ మెన్’. అనగా కోపముతో నున్న పండ్రెండుగురు మనుష్యులు. 1957వ సంవత్సరమున అమెరికా దేశములో సిడ్నీ లూమెట్ అను దర్శకుడు దానిని తీసెను. హెన్రీ ఫోండా అను నటుడు ముఖ్యపాత్ర ధరించెను. నేను వేదాంత కళాశాలలో చదువుకొను దినములలో మా ఉపాధ్యాయుడొకరు ఒక శనివారము రాత్రి వీడియో క్యాసెట్టు తెచ్చి మాకు దానిని చూపించిరి. అందులో పాటలు లేవు, పోరాటములు లేవు. కథ యంతయు ఇంచుమించు ఒకే గదిలో జరుగును. మొదట మాలో సగముమంది ఆవులించితిమి. తుదివరకు ఒక్కడును లేచిపోలేదు.

కథ చిన్నది. న్యూయార్కు నగరములో ఒక పేదల వాడలో పెరిగిన పదునెనిమిదేండ్ల కుర్రవాడు తన తండ్రిని కత్తితో పొడిచి చంపెనని అతనిమీద నేరము మోపబడినది. ఆ దేశపు పద్ధతి చొప్పున సామాన్య ప్రజలలో నుండి పండ్రెండుగురిని పిలిచి, సాక్ష్యములు వినిపించి, దోషియో కాదో తేల్చుడని ఒక గదిలో కూర్చుండబెట్టిరి. పండ్రెండుగురును ఒకే మాట చెప్పవలెను. దోషి యన్నచో ఆ కుర్రవానికి మరణశిక్ష తప్పదు.

ఎండకాలము, గదిలో విపరీతమైన ఉక్క. అందరికిని ఇండ్లకు పోవు తొందర. ఒకడు ఆ సాయంకాలపు ఆటకు టిక్కెట్టు కొనుక్కొని వచ్చియున్నాడు. దోషి యనువారు చేతులెత్తుడని పెద్ద అడిగెను. కొన్ని చేతులు చటుక్కున లేచెను. కొన్ని ప్రక్కవారిని చూచి మెల్లగా లేచెను. మొత్తము పదునొకండు చేతులు. ఒక్కడు మాత్రము ఎత్తలేదు.

అందరును అతనిమీద విసుగుకొనిరి. కుర్రవాడు చంపలేదని నీకు తెలియునా అని అడిగిరి. తెలియదని అతడు ఒప్పుకొనెను. ఒకని ప్రాణమునకు సంబంధించిన సంగతిని అయిదు నిమిషములలో ముగింపరాదు, కొంతసేపు మాటలాడుకొందమని మాత్రమే అతడు వేడుకొనెను.

ఆ మాటలలో ఒక్కొక్క సాక్ష్యమును తిరుగవేసి చూచిరి. హత్యకు వాడిన కత్తివంటిది మరొకటి దొరకదని న్యాయస్థానములో చెప్పియుండిరి. ఈ మనుష్యుడు సరిగా అటువంటి కత్తినే జేబులోనుండి తీసి బల్లకు గ్రుచ్చెను. దానిని ఆ కుర్రవాని పేటలోనే కొనెనట. ఒక వృద్ధుడు పదునైదు సెకండ్లలో మంచము దిగి తలుపు తీసి హంతకుని చూచితినని సాక్ష్యమిచ్చెను. కాలు ఈడ్చుచు నడచు ఆ వృద్ధునివలె నడచి కొలిచి చూడగా నలువదియొక్క సెకండ్లు పట్టెను. ఒక స్త్రీ రాత్రివేళ, నడుమ రైలు పోవుచుండగా, దాని కిటికీలలోనుండి ఎదుటి యింటిలోని హత్యను చూచితిననెను. ఆమె ముక్కుకు ఇరుప్రక్కల కళ్ళద్దముల నొక్కులుండుట ఒక ముసలివాడు జ్ఞాపకము చేసెను. పరుపుమీద పండుకొనినప్పుడు ఎవరు కళ్ళద్దములు పెట్టుకొందురు?

చేతులు ఒక్కొక్కటిగా దిగెను. అప్పుడు అవి మొదట ఎందుకు లేచెనో బయటపడెను. ఒకనికి ఆట తొందర. ఒకనికి ఆ పేటవారన్నచో అసహ్యము. ఒకనికి ఇల్లు విడిచిపోయిన తన సొంత కుమారునిమీద తీరని బాధ. కుర్రవాని పేర ప్రతివాడును తన లోపలనున్న దానికే తీర్పు చెప్పుచుండెను.

ఆ గది మనకు మిక్కిలి దూరము. గాని అటువంటి గది ఇప్పుడు మన ప్రతివాని జేబులోను ఉన్నది. సెల్‌ఫోను మ్రోగును. వాట్సాప్‌లో ఒక వార్త వచ్చును. ఫలానావాడు దొంగ; ఫలానా ఆమె నడత మంచిది కాదు; ఫలానా జాతివారు ఇట్టివారు. క్రింద ‘అందరికీ పంపండి’ అని వ్రాసియుండును. మన వ్రేలు కదలును. నేనేమియు కల్పింపలేదు, వచ్చినదానినే పంపితిని అని మనము చెప్పుకొందుము. ఆ పండ్రెండుగురిలోను ఎవడును ఏమియు కల్పింపలేదు. చేయి మాత్రము ఎత్తిరి. ప్రియులారా, పంపుట అనగా చేయి ఎత్తుటయే.

2018 వేసవిలో నా వ్రేలు కదిలినది. పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు మన రాష్ట్రములలో దిగినవని ఆ దినములలో ఊరూరను పుకారు. మోటారు సైకిలుమీద ఇద్దరు వచ్చి వీధిలో ఆడుకొనుచున్న బిడ్డను ఎత్తుకొనిపోవు వీడియో ఒకటి నాకు వచ్చెను. దానిక్రింద ‘తల్లిదండ్రులారా, జాగ్రత్త’ అని వ్రాసి మా సంఘపు గ్రూపులో పెట్టితిని. మంచి పని చేసితినని తలంచితిని. ఆ వీడియో పాకిస్తానులోని కరాచీ పట్టణములో పిల్లల భద్రతను గూర్చి బోధించుటకు నటులతో తీసినదనియు, తుదిని వారు బిడ్డను మరల దించివేయు భాగమును ఎవరో కత్తిరించిరనియు తరువాత తెలిసికొంటిని.

నాలుగు దినములైన పిమ్మట, ప్రొద్దుగూకు వేళ, నీళ్ళ ట్యాంకు దగ్గర గుంపు కనబడెను. వేపచెట్టుకు ఒక మనిషిని కట్టివేసిరి. దుప్పట్లు అమ్ముకొనువాడు, మన భాష సరిగా రాదు. పెదవి చిట్లి రక్తము కారుచుండెను. ఒకడు ఫోనుతో ఫోటోలు తీయుచుండెను. త్రాడు పట్టుకొని నిలిచినవాడు మా యవ్వనుల కూటమిలోని పిల్లవాడే. ఏమిటిది అని నేను కేక వేయగా, వాడు నెమ్మదిగా, “అయ్యగారూ, మీరు పంపిన వీడియోలో చూపించింది వీళ్ళనే గదా” అనెను.

నా నోట మాట రాలేదు. నిజము చెప్పవలెనన్నచో నేను అక్కడ చేయవలసినది చేయలేదు. చేసినది ఒక ముసలమ్మ. ఆమె పొలమునుండి గడ్డిమోపుతో వచ్చుచుండెను. మోపు దించి గుంపులోనికి చొచ్చుకొనిపోయి, “ఆగండర్రా! ఎవరి బిడ్డ పోయిందిరా?” అని అడిగెను.

ఎవరును పలుకలేదు.

“మన ఊళ్ళో ఎవరి బిడ్డా పోలేదా? మరి వీడు ఎవరిని ఎత్తుకుపోయినట్టు?”

గుంపులోని వారు ఒకరినొకరు చూచుకొనిరి. ఆమె అతని మూట విప్పించెను. అందులో దుప్పట్లును, ఒక అరువుల పుస్తకమును ఉండెను. పొరుగూరి ఇండ్ల లెక్కలు రెండేండ్లనుండి అందులో వ్రాసియుండెను. నెలనెలా వచ్చి వాయిదాలు వసూలు చేసికొనుచున్నవాడే. ఆ నెలలో మొదటిసారి మా ఊరిలోను ఇద్దరు స్త్రీలకు దుప్పట్లు అరువిచ్చియుండెను. కట్లు విప్పి నీళ్ళిచ్చిరి. అతడు మూట ఎత్తుకొని పోయెను. మరల మా ఊరి ముఖము చూడలేదు. ఆ ఇద్దరి బాకీ నేటికిని తీరలేదు. అంతకంటె పెద్ద బాకీ నాది.

ఆ సంవత్సరమే జూలై 1వ తేదీన మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడా గ్రామములో, ఇటువంటి పుకారునే నమ్మి, భిక్షకై తిరుగు సంచారజాతివారిని అయిదుగురిని జనులు కొట్టి చంపిరి. ఆ వార్త చదివిన పూట నాకు అన్నము సహింపలేదు. రైన్‌పాడాలో జరిగినది మా ఊరిలో జరుగకపోవుటకు నాకు తెలిసిన కారణము ఆ ముసలమ్మ అడిగిన ఒక్క ప్రశ్నయే.

నాబోతు కథ మీకు తెలియును. యెజెబెలు అహాబు పేర తాకీదులు వ్రాసి, అతని ముద్ర వేసి, పట్టణపు పెద్దలకు పంపెను. పెద్దలు వానిని చదివి, అందులో ఉన్నట్లే చేసిరి. నాబోతు రాళ్ళ దెబ్బలకు చచ్చెను. ఆ కథ నేను ఎన్నిసార్లు ప్రసంగించితినో లెక్కలేదు. యెజెబెలు పాపమును గూర్చియే చెప్పితిని. ఆ పెద్దలను గూర్చి ఎన్నడును చెప్పలేదు. వారు అబద్ధము పుట్టింపలేదు. ముద్ర చూచి లోబడిరి, అడుగక ముందుకు నడిపిరి. మా గ్రూపులో పెట్టిన ఆ వీడియోకు నా పేరే ముద్ర. అయ్యగారు పంపిరి గనుక నిజమే అనుకొనిరి. సంఘములో ఎవని మాటకు ఎంత విలువ యుండునో వాడు అంత ఎక్కువ భయముతో పంపవలెను.

ఒక ప్రశ్న మీకు తోచవచ్చును. వార్త నిజమైతే? సందేహించుచు కూర్చున్నందున నిజముగా ఒక బిడ్డ పోతే? ఇది తగిన ప్రశ్నయే. ఆ సినిమాలో సహితము కుర్రవాడు నిర్దోషి యని చివరివరకు ఎవరును రుజువు చేయలేదు. నిజముగా ఎవరు చంపిరో మనకు చూపనేలేదు. అడ్డుపడిన మనుష్యుడు పొరబడియుండవచ్చును. ఆ సంగతి అతనికిని తెలియును. అయినను సరిగా తెలియకుండ ఒకని చంపుట కూడదని అతడు నిలిచెను. అడుగుట అనగా ఊరకుండుట కాదు. బిడ్డ పోయెనని వినినచో పోలీసు స్టేషనుకు పోవలెను, ఆ ఊరివారిని విచారింపవలెను, మన పిల్లలను మనము కాచుకొనవలెను. ఇవన్నియు ఊరూ పేరూ లేని వీడియో పంపకయే చేయవచ్చును.

తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లాలో ఆ వేసవిని అట్లే చేసిరి. అప్పటి జిల్లా పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరి పోలీసులను పల్లెలకు పంపి, డప్పు వేయించి, జానపద గాయకులచేత పాడించి, వచ్చినదెల్ల నమ్మవద్దని జనులకు బోధించిరి. వాట్సాప్ వారు 2018 జూలైలో మన దేశములో ఒక సందేశమును ఒకసారికి అయిదు చోట్లకు మించి పంపరాదని హద్దు పెట్టిరి. పెక్కుమార్లు చేతులు మారిన సందేశముమీద జంట బాణముల గుర్తు కనబడును. 2020 ఏప్రిల్ నుండి అట్టిదానిని ఒకసారికి ఒక్క చోటికే పంపవీలగును. ఆ గుర్తు నిజమునకు సాక్ష్యము కాదు. పదునొకండు చేతులు లేచినంత మాత్రమున కుర్రవాడు దోషి కానట్లే, పదివేలమంది పంపినంత మాత్రమున అబద్ధము నిజము కాదు.

గ్రూపులో ఒక్కరు “ఇది నిజమా?” అని అడిగినచో ఏమి జరుగునో మీరెరుగుదురు. నీవు వారి పక్షమా అందురు. నీకొదేము దీనిని అనుభవించెను. పెద్దల సభలో అతడు ఒక చిన్న ప్రశ్న అడిగెను: మనిషి మాట వినకుండ అతనికి తీర్పు తీర్చుట మన ధర్మశాస్త్రములో ఉన్నదా అని. దానికి వారు జవాబు చెప్పక, నీవును గలిలయవాడవా అని ఎగతాళి చేసిరి. అడిగినవానికి సామాన్యముగా దొరకు బహుమానము ఇదే. అయినను అడుగవలెను.

అడుగుటలో మరియొక సంగతి యున్నది. ఆ సినిమా చివర, కొడుకుమీది బాధతో అందరికంటె మొండిగా నిలిచినవాడు తుదకు ఓడి కన్నీరు కార్చును. అందరును గది విడిచిపోవుదురు. అంతవరకు అతనిని ఎదిరించినవాడే అతని కోటు తెచ్చి తొడుగుకొనుటకు పట్టుకొనును. ఒక్క మాటయైనను ఎత్తిపొడువడు. మా ఊరి ముసలమ్మ ఆ సినిమా చూడలేదు. గుంపు చెదరిన తరువాత, త్రాడు పట్టుకొనిన పిల్లవాడు తల వంచుకొని నిలిచియుండగా ఆమె, “ఒరే, ఈ మోపు నా నెత్తికెత్తరా” అనెను. వాడు ఎత్తెను, ఆమె వెంటనే ఇంటివరకు నడచెను. తప్పు పంపినవానిని గ్రూపులో అందరి యెదుట సిగ్గుపరచకుడి. ప్రక్కకు పిలిచి చెప్పుడి. తిరిగి నిలుచుటకు వానికి దారి చూపుడి.

ఆ ఆదివారము నేను ఆరాధనలో నిలువబడి నా తప్పు ఒప్పుకొంటిని. వీడియో నిజము కాదని గ్రూపులో మరల వ్రాసితిని. గాని మొదటిది అప్పటికే నా చేయి దాటి ఏయే ఊళ్ళకు పోయెనో నేనెరుగను. రెండవది అంతదూరము పోలేదు. దిద్దుబాటును ఎవరును అంత ఆత్రముగా పంపరు.

కావున సహోదరీ సహోదరులారా, ఈసారి ఫోను మ్రోగి, ఒకరిని గూర్చిన చెడువార్త చూచినప్పుడు, వ్రేలు కదలక ముందు గడ్డిమోపు దించిన ఆ తల్లిని తలంచుకొనుడి. ఆమెకు చదువు రాదు, ఫోనును లేదు. ఎవరి బిడ్డ పోయినదని మాత్రము ఆమె అడిగెను.