నాదం పుట్టేదా, వెల్లడయ్యేదా?

శబ్దం నిత్యమా, అనిత్యమా అన్న వాదం భారతీయ దర్శనాల్లో చాలా పాతది. వేదాన్ని ఎవరూ రచించలేదని నమ్మిన మీమాంసకులకు శబ్దం నిత్యం కాక తప్పలేదు. నోరు, నాలుక, ఊపిరి కలిసి చేసే పని ముందే ఉన్న శబ్దాన్ని వెల్లడించడమే తప్ప కొత్తగా పుట్టించడం కాదని వారన్నారు. నైయాయికులు దీన్ని ఒప్పుకోలేదు. కొడితే పుట్టి, కాసేపటికి అణగిపోయేది నిత్యమెలా అవుతుందని అడిగారు. వారి దృష్టిలో శబ్దం ఆకాశానికి గుణం. మొదటి శబ్దం రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని పుట్టిస్తూ వరుసగా చెవి దాకా వస్తుంది. ఆ రాకను కొందరు నీటిలో ఒకదాని వెనక ఒకటి లేచే అలలతో పోల్చారు. మరికొందరు అన్ని దిక్కులకూ ఒకేసారి విచ్చుకునే కడిమి పువ్వుతో పోల్చారు. వేదప్రామాణ్యం కోసం మొదలైన తగవు ఇలా, ధ్వని ఎలా ప్రయాణిస్తుందనే భౌతికశాస్త్ర ప్రశ్న దాకా వచ్చింది. దర్శనానికీ విజ్ఞానానికీ నడుమ అప్పట్లో గోడ లేదనడానికి ఇంతకంటే మంచి నిదర్శనం దొరకడం కష్టం.

కళాకారులు ఇదే విషయాన్ని మరో దారిలో పట్టుకున్నారు. నాట్యశాస్త్రంలో భరతుడు రెండు వీణలతో చేసే ఒక పరీక్ష చెబుతాడు. రెండింటినీ సమానంగా శ్రుతి చేసి, ఒకదాన్ని అలాగే ఉంచి, రెండోదాన్ని మెట్టుమెట్టుగా దించాలి. రెండో మెట్టులో దించిన వీణ గాంధార, నిషాదాలు కదలని వీణ రిషభ, ధైవతాలతో కలిసిపోతాయి. మూడో మెట్టులో రిషభ, ధైవతాలు షడ్జ, పంచమాల్లో కలుస్తాయి. నాలుగో మెట్టులో షడ్జ, మధ్యమ, పంచమాలు తమ కింది స్వరాలను చేరతాయి. స్వరాల మధ్య దూరాలు రెండు, మూడు, నాలుగు శ్రుతులని, మొత్తం 22 అని ఇలా తేలుతుంది. ఆ 22 శ్రుతులూ సమానమా కావా అన్న వివాదం ఇప్పటికీ తెగలేదు. అయినా పరీక్ష పద్ధతిలో లోపం లేదు. పోల్చి చూడడానికి మారని వీణ ఒకటి, మార్చే వీణ ఒకటి, ఎవరైనా తిరిగి చేసి చూసుకోగల ఫలితం. సాక్షి మాత్రం చెవి ఒక్కటే.

13వ శతాబ్దంలో దేవగిరి యాదవ రాజు సింఘణుని కొలువులో ఉన్న శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరం రాస్తూ, స్వరాల కంటే ముందు మానవదేహం ఎలా ఏర్పడుతుందో వివరించాడు. మనసు దేహంలోని అగ్నిని తాకుతుంది, అగ్ని వాయువును కదిలిస్తుంది, ఆ వాయువు నాభి, హృదయం, కంఠం, శిరస్సుల మీదుగా నాదమై పైకి వస్తుంది. వైద్యం, యోగం, సంగీతం ఒకే వరుసలో సాగే వివరణ ఇది. ఏ ఆఘాతమూ లేకుండా ఉండే అనాహత నాదం యోగులకు ముక్తినిస్తుంది గాని మనసును రంజింపజేయదని, కొడితే పుట్టే ఆహత నాదం లోకాన్ని రంజింపజేస్తూనే సంసారబంధాన్నీ తెంచగలదని అతని నిర్ణయం. నిత్యమైనదాన్ని పక్కన పెట్టి, పుట్టి నశించేదానికి మోక్షంలో చోటివ్వడం సాహసమే. ప్రాణవాయువూ అగ్నీ కలిసి ప్రణవనాదమై సప్తస్వరాలుగా విస్తరిస్తాయన్న భావాన్ని త్యాగరాజు సారమతి రాగంలో తెలుగు కృతిగా మలిచాడు.

20వ శతాబ్దంలో ఈ చర్చకు ఊహించని వైపు నుంచి కొత్త సమాచారం వచ్చింది. విశాఖపట్నంలో పెరిగి కలకత్తాలో పరిశోధనలు చేసిన సి.వి. రామన్ 1920లో, తన సహచరుడు శివకాళి కుమార్‌తో కలిసి, మృదంగం, తబలాల ధ్వని గురించి 'నేచర్' పత్రికలో ఒక చిన్న వ్యాసం ప్రచురించాడు. 1934లో మరింత వివరంగా రాశాడు. బిగించిన గుండ్రటి పొరను కొడితే మూలస్వరంతో పాటు వచ్చే పైస్వరాలు దానికి 1.59, 2.14, 2.30 రెట్లుగా ఉంటాయి. పూర్ణసంఖ్యలు కావు గనుక ఆ మోతకు స్థిరమైన శ్రుతి ఉండదు. మృదంగం కుడి మూత మీది నల్లటి పూత ఈ స్థితిని మార్చేస్తుంది. చర్మం మీద సన్నని ఇసుక చల్లి, అది ఏ గీతల వెంట పోగవుతుందో చూసి, రామన్ తొమ్మిది రకాల కంపనాలను గుర్తించాడు. ఆ తొమ్మిదీ కలిసి ఐదు స్వరాలుగానే వినిపిస్తాయి. అవి మూలస్వరానికి సరిగ్గా 1, 2, 3, 4, 5 రెట్లు. తీగ సహజంగా పలికే వరుసను చర్మం చేత పలికించారన్నమాట. దీన్ని సాధించింది గణితజ్ఞులు కాదు. సమీకరణం రాకముందే చెవి దాన్ని పట్టుకుంది.

ఈ ఫలితాన్ని నైయాయికుడు తన పక్షానికే వాడుకోగలడు: పూత లేని చర్మంలో ఆ ధ్వని లేదు, పూత పెట్టాక వచ్చింది, కనుక అది పుట్టినదే. మీమాంసకుడూ వాడుకోగలడు: పూత ధ్వనికి దారి ఇచ్చింది గాని, ఒకటికి రెండు, రెండుకు మూడు అన్న అనుపాతాన్ని తయారు చేయలేదు. ఉత్తరాన తబలా, దక్షిణాన మృదంగం ఒకే వరుసకు చేరడం ఆ అనుపాతం ఏ ఒక్కరి కల్పనా కాదనే చెబుతుంది. ధ్వని విషయంలో న్యాయం, అనుపాతం విషయంలో మీమాంస నిలుస్తాయనడమే సబబు. అయితే అనుపాతం నిత్యమైనంత మాత్రాన వేదవాక్యం నిత్యమని తేలదు. మీమాంసకులకు అసలు కావలసింది ఆ రెండోది.

విజ్ఞానం ఆగేచోటు కూడా ఇక్కడే కనిపిస్తుంది. మృదంగం శ్రుతిలో ఎందుకు కలుస్తుందో రామన్ చూపాడు. ఆ కలయిక ఆనందం ఎందుకవుతుందో చెప్పడం ఆయన ప్రయోగానికి అందే పని కాదు. విద్యార్థి దశలోనే రామన్‌ను ప్రభావితం చేసిన, జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ గ్రంథం (1863) స్వరాల పొందికకు భౌతిక కారణం చూపుతూనే, స్వరవ్యవస్థలను ప్రకృతి నియమాలు మాత్రమే నిర్ణయించవని, కాలంతో మారే సౌందర్య సూత్రాల పాత్ర కూడా ఉందని ఒప్పుకుంది. అంతకు ఎన్నో శతాబ్దాల ముందు ఆలంకారికుడు అభినవగుప్తుడు రసానికి సహృదయుడు, అంటే స్పందించే మనసున్నవాడు, ఉండాలన్నాడు. ఇద్దరి మధ్య దూరం పైకి కనిపించేంత ఎక్కువ కాదు.

ఈ చర్చలో మాట వినిపించనివారు వాద్యాలు చేసినవారు. ఆవు, గేదె, మేక తోళ్లతో మూతలు కట్టి, నల్లరాతి పొడినీ మెత్తటి అన్నాన్నీ కలిపి నూరిన ముద్దను పొరలు పొరలుగా పూసి, ప్రతి పొరనూ రాతితో రుద్ది, మోగించి వింటూ సరిచేసే పని వారిది. తమిళనాడులో ఈ పనితనాన్ని తరతరాలుగా మోస్తున్నవారిలో ఎక్కువమంది దళితులు. వారి చరిత్రను గాయకుడు టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' పేరుతో పుస్తకంగా రాశాడు. నాదాన్ని బ్రహ్మమని పూజించిన సంప్రదాయం ఆ చేతులను దూరంగా ఉంచడం పెద్ద అన్యాయం, జ్ఞానపరంగా పెద్ద నష్టం కూడా. పూత వేసేవారికి కావలసిన ధ్వని ఎలా ఉండాలో ముందే తెలుసు. అది తెలియకపోతే ఏ పొర దగ్గర ఆపాలో తెలియదు. అయినా చివరి పొర పడేదాకా ఆ ధ్వని ఎక్కడా మోగదు. నైయాయికుడూ మీమాంసకుడూ ఇద్దరూ అడిగి తెలుసుకోవలసిన సాక్ష్యం వారి దగ్గరే ఉంది.