ప్రార్థనయా, ప్రకటనయా?

ఈ నెల నా తప్పిద మొకటి మీ యెదుట ఒప్పుకొనుచు వ్రాయుచున్నాను. బోధకుని తప్పు వలన సంఘము ఒక పాఠము నేర్చుకొనునెడల, దానిని దాచుటకంటె చెప్పుటయే మేలు.

మా దివిసీమలో అనేకమైన వరిచేలు రొయ్యల చెరువులుగా మారిన సంగతి మీరెరుగుదురు. చెరువుల వెనుక రొయ్యలు ఒలిచి, మంచులో సర్ది, ఎగుమతికి పంపు షెడ్లు వచ్చినవి. మన సంఘములలోని స్త్రీలు కొందరు తెల్లవారక మునుపే వ్యానులెక్కి ఆ షెడ్లకు పోవుదురు. తినుపదార్థములను తాకు పనివారికి ఏడాదికి ఒకమారు వైద్య పరీక్ష జరుగవలెనని 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు చెప్పుచున్నవి. అది మంచి నిబంధనయే. తినువారికిని మేలు, పని చేయువారికిని మేలు.

కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘపు సహోదరి యొకతె అట్టి పరీక్షకు నిలిచెను. వారము దినములైన తరువాత మేస్త్రీ కాగితము పట్టుకొని వచ్చి, బల్లల యొద్దనున్న వారందరు వినుచుండగా, "నీ ఛాతీలో మచ్చ ఉందంట. రేపట్నుంచి రావద్దు" అనెను. ఆమె చేతిలోని రొయ్యను బల్లమీద పెట్టి, చేతులు కడుగుకొని, కాలువ గట్టు వెంబడి నడచి ఇంటికి వచ్చెను. ఆ సాయంకాలము మా గుమ్మము నొద్ద నిలిచి, "అయ్యగారూ, క్షయ అంటున్నారండి. నాకోసం ప్రార్థన చెయ్యండి" అనెను. నేను ప్రార్థించితిని. అంతటితో ఊరకుండినయెడల బాగుండెడిది. బుధవారపు కూడికలో ప్రార్థనాంశములు చదువునప్పుడు నేను ఆమె పేరు చెప్పి, రోగము పేరును చెప్పి, "ఈ సహోదరి కొరకు భారముతో ప్రార్థింపుడి" అంటిని.

మేస్త్రీ షెడ్డుకు చెప్పెను. నేను ఊరికి చెప్పితిని. వచ్చిన ఆదివారమున ఆమె చాపమీద ఆమె ప్రక్కన ఎవరును కూర్చుండలేదు. పొరుగింటివారు తమ బిడ్డలను ఆమె వాకిటికి పోనియ్యలేదు. ఆమె కుమార్తెకు కుదురుచున్న సంబంధము కారణము చెప్పకయే ఆగిపోయెను. ఆమె తిరిగి మా యింటికి వచ్చి, కోపముతో కాదు, మెల్లగానే, "ప్రార్థన చెయ్యమన్నానండి అయ్యగారూ. ప్రకటన చెయ్యమనలేదండి" అనెను. ముప్పది ఏండ్ల బోధలో నేను విన్న ప్రసంగములలో నన్ను ఇంతగా గద్దించినది మరియొకటి లేదు.

కాబట్టి ఒక ప్రశ్న వేసికొందము. పనివాని దేహమును పరీక్షించుట న్యాయమైనయెడల, ఆ పరీక్షలో తెలిసినది ఎవరిది? కూలి ఇచ్చు యజమానునిదా, చూచిన వైద్యునిదా, ప్రక్కవారిదా, లేక ఆ దేహము గలవానిదా?

మొదట యజమానుని పక్షమున ఒక మాట చెప్పవలెను. పనివారి ఆరోగ్య పరీక్ష కీడుగా పుట్టినది కాదు. ఇటలీ దేశస్థుడైన రమజ్జిని యను వైద్యుడు 1700 సంవత్సరములో పనివారి రోగములను గూర్చి గ్రంథము ప్రకటించి, రోగి యొద్దకు పోయిన వైద్యుడు "నీ పని యేమి?" అని కూడ అడుగవలెనని బోధించెను. అది కనికరముతో పుట్టిన ప్రశ్న. బందరు నుండి గుడివాడ మీదుగా బెజవాడ పోవు రైలులో మీరు కూర్చుండునప్పుడు, ఇంజను నడుపువానికి ఎరుపు పచ్చల భేదము తెలియునో లేదో ఎవరో ఒకరు చూచి యుండవలెనని మీరును కోరుదురు. అది దాచుకొనదగిన స్వంత విషయమని ఎవరును అనరు.

అయితే రైల్వేవారి పద్ధతిలో ఒక సంగతి గమనింపుడి. వారు తమ ఉద్యోగములను ఏ-1 మొదలుకొని సి-2 వరకు తరగతులుగా విభజించిరి. వైద్యుడు పరీక్షించి, ఈ మనుష్యుడు ఈ తరగతికి తగును, లేక తగడు అని వ్రాయును. పని అప్పగించు అధికారికి కావలసినది ఆ యొక్క మాటయే. వాని కడుపులో పుండున్నదా, వాని భార్యకు గర్భము పోయినదా అను సంగతులతో పని అప్పగించుటకు అవసరము లేదు.

లేవీయకాండము పదుమూడవ అధ్యాయము కూడ ఈ మార్గమునే చూపుచున్నది. చర్మముమీద మచ్చ కలిగినవాడు యాజకుని యొద్దకు రావలెను. యాజకుడు తొందరపడి తీర్పు చెప్పడు. సందేహమున్నయెడల ఏడు దినములు ఆగి, మరల చూచి, అప్పుడు చెప్పును. ఆయన చెప్పవలసిన తీర్పు పవిత్రుడు, లేక అపవిత్రుడు అనునదే. ఆ కాలపు ధర్మము రోగిని పాళెము వెలుపల ఉంచిన మాట నిజము. మన ప్రభువు ఆ గోడను దాటి కుష్ఠరోగిని ముట్టెను. అయినను ఆ యాజకుని ఓర్పును, ఆయన మాట పొదుపును మన షెడ్ల మేస్త్రీలు నేర్చుకొనదగినవి.

నా మనస్సుకు తోచిన జవాబు ఇది. పరీక్షలో తెలిసినది అప్పగింత సొమ్ము వంటిది. పొరుగువాడు ఊరికి పోవుచు తన పెట్టె మన యింట ఉంచినయెడల, దానిని కాపాడు భారము మనది, పెట్టె మాత్రము వానిది. దానిని తెరచి నలుగురికి చూపినవాడు ఒక్క కాసు తీయకపోయినను దొంగయే.

లోకపు న్యాయస్థానములు ఈ సంగతిని క్రమముగా గ్రహించినవి. 1997 లో బొంబాయి ఉన్నత న్యాయస్థానము ఎదుటికి ఒక కూలివాని వ్యాజ్యము వచ్చెను. పరీక్షలో అతని రక్తమున హెచ్.ఐ.వి. కనబడగా, ఒక ప్రభుత్వ సంస్థ అతనికి పని ఇయ్యకపోయెను. పనికి తగిన బలమున్నవానిని ఆ కారణము చేత త్రోసివేయరాదని న్యాయస్థానము తీర్పు చెప్పెను. అంతకంటె నా హృదయమును తాకిన సంగతి ఏమనగా, ఆ తీర్పులో అతని పేరు లేదు, 'ఎం.ఎక్స్.' అను అక్షరములే యున్నవి. తరువాతి దశాబ్దములో మన హైదరాబాదు ఉన్నత న్యాయస్థానమునకు పోలీసు ఉద్యోగము కొరకు వచ్చిన యొకడును 'ఎక్స్' అను అక్షరము చాటుననే న్యాయము పొందెను. న్యాయాధిపతులు మనుష్యుని సిగ్గును కప్పి అతనికి న్యాయము తీర్చిరి. నేనైతే సిగ్గును విప్పి ప్రార్థించితిని!

2017 లో సుప్రీంకోర్టు న్యాయాధిపతులు తొమ్మిదిమంది ఏకముగా, వ్యక్తిగత గోప్యత ప్రతి పౌరుని ప్రాథమిక హక్కు అని చెప్పిరి. అదే సంవత్సరము పార్లమెంటు చేసిన హెచ్.ఐ.వి. చట్టము, ఉద్యోగము కొరకు ఆ పరీక్షను షరతుగా పెట్టరాదనియు, ఒకని స్థితిని వాని సమ్మతి లేక ఇతరులకు తెలుపరాదనియు కట్టడ చేసెను. 2020 లో కోవిడ్ కాలమున ఇండ్ల గోడలకు అంటించిన కాగితములు మీకు జ్ఞాపకమున్నవి గదా. విపత్తు చట్టము క్రింద అధికారులు ప్రత్యేకముగా ఆజ్ఞాపించిననే తప్ప అట్లు అంటింపరాదని ఆ డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చెను.

మీలో ఒకరు అడుగవచ్చును: "అయ్యగారూ, క్షయ అంటురోగము గదా. ప్రక్కన కూర్చుండువారికి తెలియవద్దా?" ఇది న్యాయమైన ప్రశ్న, దాటిపోదగినది కాదు. క్షయరోగిని గుర్తించిన వైద్యుడు ప్రభుత్వ ఆరోగ్యశాఖకు తెలుపవలెనని 2012 లో ఆజ్ఞ వెలువడినది. అది మందు చేరుటకును, ఇంటివారిని పరీక్షించుటకును చెప్పిన మాట. వీధికి చెప్పిన మాట కాదు. ప్రక్కవారికి తమ క్షేమము మీద హక్కు కలదు. ఆ హక్కు కొరకు బల్ల యొద్దనున్న వారినందరిని పరీక్షింపుడి. రోగికి సెలవిచ్చి మందిప్పింపుడి. సరియైన మందులు మొదలైన కొన్ని వారములలో అంటించు శక్తి బహుగా తగ్గును. ఇది అంతయు పేరు చాటకయే చేయవచ్చును. పొరుగువానికి క్షేమము మీద హక్కు కలదు గాని కథ మీద హక్కు లేదు.

మన భయములో సగము పాతకాలపుది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరములో మిషనులు కలిసి 1915 లో క్షయ ఆస్పత్రి తెరచినప్పుడు, రోగిని దూరముగా ఉంచి గాలియు విశ్రాంతియు ఇచ్చుటయే ముఖ్యమైన చికిత్స. తరువాత మందులు వచ్చినవి. 1956 లో మద్రాసులో మొదలిడిన పరిశోధన ఫలితము 1959 లో వెలువడెను. ఇంటనే ఉండి మందులు మ్రింగిన రోగులును, ఆస్పత్రిలో ఉంచబడిన రోగులును ఇంచుమించు సమానముగా బాగుపడిరి. ఇంటివారికి అందువలన అధికమైన హాని కలుగలేదు. వైద్యులు అరువది ఏండ్లకు పూర్వమే విడిచిన భయమును మన చాపలమీద మనము ఇంకను పరచుకొని కూర్చున్నాము.

మరియొకటి ఆలోచింపుడి. గుట్టు నిలువని చోట రోగము దాగును. మేస్త్రీ పేరు చదువునని తెలిసిన స్త్రీ దగ్గును కొంగులో అదుముకొనును, పరీక్ష నాడు పనికి రాదు, మందుకు పోదు. అప్పుడు ప్రక్కవారికి నిజముగా అపాయము కలుగును. కాబట్టి పనివాని గుట్టు కాపాడుట యజమానుడు చేయు దయ మాత్రమే కాదు, అందరి ఆరోగ్యమునకు కట్టిన గట్టు.

ఇంకొక ఆక్షేపణ కలదు. రక్తస్రావము గల స్త్రీని ప్రభువు జనసమూహము మధ్య ఎందుకు బయటికి రప్పించెను? మార్కు సువార్త ఐదవ అధ్యాయము మరల నిదానముగా చదువుడి. ఆయన ఆమె రోగము పేరు చెప్పలేదు. ఎవరు ముట్టిరని అడిగి నిలిచెను. ఆమె తానే వచ్చి తన సంగతి చెప్పుకొనెను. చెప్పుట ఆమె వంతు. వినుట, సమాధానముతో పంపుట ఆయన వంతు. ఆ క్రమమును నేను తలక్రిందులు చేసితిని.

షెడ్లలోను మిల్లులలోను పని చేయు సహోదరీ సహోదరులారా, వ్రేలిముద్ర వేయక ముందు ఏమి పరీక్షయో, ఎందుకో, ఎవరు చూతురో అడుగుడి. అడుగుట పొగరు కాదు. ఫలితమును చాటుగా చెప్పుమని కోరుడి. మీ కాగితపు నకలు అడుగుడి. ప్రమాదకరమైన పనులు చేయువారికి తమ ఆరోగ్య పత్రములు చూచుకొను హక్కు 1987 లోనే ఫ్యాక్టరీల చట్టములో చేర్చబడెను గనుక ఇది క్రొత్త కోరిక కాదు. దినకూలివాడు ఒంటరిగా అడుగుటకు భయపడును. అప్పుడు సంఘ పెద్దలు ఇద్దరు అతనితో కూడ పోవుట ధర్మము. మేస్త్రీలైన వారలారా, నర్సులారా, కాగితములు మోయు వ్యాను డ్రైవర్లారా, మీ చేతిలోనిది ఒకని అన్నము, వాని బిడ్డ పెండ్లి, వాని తల ఎత్తు. దానిని మడిచి పట్టుకొనుడి.

ఆ సహోదరి ఆరు నెలలు మందు తిని స్వస్థురాలయ్యెను. నన్ను క్షమించితినని చెప్పెను. అయినను ఆ షెడ్డులో పని తిరిగి దొరకలేదు. పోయిన సంబంధము తిరిగి రాలేదు. ఇప్పుడు మా బుధవారపు కూడికలో రోగుల పేర్లు చదువుట మానితిమి. "ప్రభువా, నీకు తెలిసినవారి కొరకు" అని చెప్పి కొంతసేపు మౌనముగా ఉందుము. ఆ మౌనములో, తన పేరు ఎవరును ఎత్తలేదను ధైర్యముతో, ఆమెయు చాపమీద కూర్చుండి ఇతరుల కొరకు ప్రార్థించుచున్నది. మన నాలుకలకు కావలి యుంచుమని దేవుని వేడుకొందము గాక.