లెక్క సరిపోతే సేవ సరిపోయినట్లేనా?



మీ విచారణలో ఎప్పుడో ఒకప్పుడు ఉచిత వైద్య శిబిరం జరిగే ఉంటుంది. ఆదివారం పూజ ముగిశాక గుడి ఆవరణలో షామియానా వేస్తారు. డాక్టర్లు వస్తారు, మఠకన్యలు చీటీలు రాస్తారు, యువకులు వరుసలు సరిచేస్తారు. సాయంత్రం, ఇంతమందిని చూశాం, ఇన్ని మందులు పంచాం అని ప్రకటన చదువుతారు. అందరం చప్పట్లు కొడతాం. మంచి పనే. అయితే ఆరు నెలల తరువాత అవే చీటీలు పట్టుకొని, ఎవరి రక్తపోటు అదుపులోకి వచ్చింది, ఎవరు మందులు కొనలేక మానేశారు అని ఇల్లిల్లూ తిరిగి అడిగినవారు మనలో ఎంతమంది? చేసిన పనిని లెక్కపెట్టడం ఒకటి, జరిగిన మేలును లెక్కపెట్టడం మరొకటి. ఈ తేడా ఎంత పెద్దదో కుష్ఠు వ్యాధి చరిత్ర చెబుతుంది.

1980ల ఆరంభంలో మన దేశంలో ప్రతి 10,000 మందిలో 50 మందికి పైగా కుష్ఠు రోగులు ఉండేవారు. 1983లో జాతీయ కుష్ఠు నిర్మూలన కార్యక్రమం మొదలైంది. రెండు మూడు మందులు కలిపి ఇచ్చే బహుళ ఔషధ చికిత్సతో లక్షలాది మందికి వ్యాధి నయమైంది. 10,000 మందికి ఒక్క రోగి కన్నా తక్కువ కావాలని 1991లో ప్రపంచ ఆరోగ్య మహాసభ లక్ష్యం పెట్టింది. 2005 డిసెంబరు నాటికి మన దేశం ఆ గీత కిందికి చేరింది. ఇది సంతోషించదగిన విజయమే.

కానీ ఆ అంకెలోకి వచ్చేది ఎవరు? చికిత్సలో ఉండి, రిజిస్టరులో పేరు ఉన్నవారు మాత్రమే. మందు పూర్తికాగానే పేరు కొట్టేస్తారు. తీవ్ర రకానికి రెండేళ్ళపాటు ఇచ్చే మందును 1990ల చివరలో ఏడాదికి తగ్గించారు. వైద్యం ప్రకారం అది సరైన నిర్ణయమే. అయితే ఏటా అంతేమంది కొత్తగా జబ్బు పడుతున్నా, ఆ రకం రోగుల పేర్లు రిజిస్టరులో సగానికి తగ్గుతాయి. ఇక మచ్చను చొక్కా చాటున దాచుకొని ఇంట్లో కూర్చున్నవాడు ఏ లెక్కలోనూ లేడు. విజయం ప్రకటించాక వెతుకులాట సన్నగిల్లింది. ఆ తరువాత పదేళ్ళూ ఏటా లక్షకు పైగా కొత్త రోగులు బయటపడుతూనే ఉన్నారు. 2016లో పలు రాష్ట్రాలలో ఇంటింటికీ వెళ్ళి వెతికితే ఒక్క విడతలో 30,000 మందికి పైగా దొరికారు.

ఇందులో ఎవరూ అబద్ధమాడలేదు. అడిగిన ప్రశ్నకు అంకె నిజమే చెప్పింది. అడగవలసిన ప్రశ్నలు ఇంకా ఉన్నాయి. కొత్త రోగులలో పిల్లలెందరు? వారుంటే వ్యాధి ఇంకా పాకుతున్నట్లే. మొదటిసారి డాక్టరు దగ్గరికి వచ్చేసరికే వేళ్ళు వంకరపోయినవారెందరు? వారుంటే మనం ఆలస్యంగా వెళ్ళినట్లే.

"సేవకు కొలతలేమిటి? కుడిచేయి చేసింది ఎడమచేతికి తెలియకూడదు గదా!" అని మీరనవచ్చు. ఆ మాట మన పొగడ్తను గురించి. రోగి పుండు మానిందో లేదో తెలుసుకోవద్దని దాని అర్థం కాదు. పునీత దామియెన్ గారు 1873లో మొలొకాయి దీవికి వెళ్ళి, కుష్ఠు రోగుల నడుమ బతికి, 1889లో ఆ వ్యాధితోనే మరణించారు. అప్పటికి దానికి మందు లేదు. నయమైనవారెందరని అడిగితే ఆయన లెక్క సున్న. అయినా ఆయన ఇళ్ళు కట్టారు, పుండ్లు కడిగారు, చనిపోయినవారికి పెట్టెలు చేశారు. దిక్కులేనివారికి తోడు ఉండడం ఏ రిజిస్టరుకూ ఎక్కని మేలు. అయితే ఆయనను మనకు సాకుగా చూపరాదు. మందు లేని రోజుల్లో ప్రేమ చేయగలిగినదంతా ఆయన చేశారు. మందు ఉన్న రోజుల్లో అది చేరిందో లేదో చూడకపోతే, మన ప్రేమలో ఏదో లోపం ఉన్నట్లే.

సువిశేషంలో పదిమంది కుష్ఠు రోగులు శుద్ధి పొందారు, ఒక్కడే తిరిగి వచ్చాడు. ప్రభువు తక్కిన తొమ్మిది మందిని గురించి అడిగారు. చేసిన మేలు ఏమైందని అడగడం తప్పుకాదన్నమాట. పైగా వారిని యాజకులకు కనబరచుకోమని పంపారు. ఎందుకంటే యాజకుడు శుద్ధుడని చెబితేనే ఆ మనిషికి ఊళ్ళోకి, ఇంట్లోకి ప్రవేశం. ఒళ్ళు బాగుపడితే సగం, ఇల్లు చేరితేనే పూర్తి. ఈ కొలతతో చూస్తే మనం చాలా వెనుకబడ్డాం. మందు వచ్చి దశాబ్దాలు గడిచినా, మన క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టంలో కుష్ఠు వ్యాధి విడాకులకు ఒక కారణంగా ఉండేది. పార్లమెంటు దాన్ని తొలగించింది 2019లో!

కాబట్టి ఈసారి శిబిరం జరిగినప్పుడు ఒక చిన్న పని చేయండి. చీటీలను పారేయకండి. మూడు నెలలకొకసారి ఆ ఇళ్ళకు వెళ్ళండి. ముఖ్యంగా, శిబిరానికి రాని ఇల్లు ఏదో చూడండి. రానివారే తరచు ఎక్కువ అవసరంలో ఉంటారు. మీ వీధిలో ఎవరి ఒంటిమీదనైనా స్పర్శలేని మచ్చ కనిపిస్తే, భయపడకుండా ప్రభుత్వ ఆసుపత్రికి తోడుగా వెళ్ళండి, అక్కడ మందు ఉచితం. నయమై తిరిగి వచ్చినవారికి గుడిలో మీ పక్కన చోటివ్వండి. ఆ చోటును ఎవరూ లెక్కలో రాయరు. కానీ అతనికి అది తెలుస్తుంది.