గోడ లేని రోజు

బాబాయి జైలు నుంచి వచ్చే రోజు అమ్మ పొద్దున్నే లేచి ఇంట్లో ఉన్న దగ్గుమందు సీసా కూడా దాచేసింది. నేను నా పర్సు దాచుకున్నాను. ఆ సంగతి ఒకరికొకరం చెప్పుకోలేదు.

తాగి లారీ నడిపి ఒక మనిషి చావుకి కారణమయ్యాడు బాబాయి. నాలుగేళ్ళు రాజమండ్రి సెంట్రల్ జైల్లో ఉన్నాడు. ఆ రోజు భోజనాల దగ్గర నాన్న ఏదో ఒకటి మాట్లాడాలని, "నాలుగేళ్ళు చుక్క ముట్టలేదు, అదేమన్నా తక్కువా!" అన్నాడు. బాబాయి కంచంలోంచి తలెత్తలేదు. "అది నా గొప్ప కాదన్నయ్యా, గోడ గొప్ప. నా లెక్క ఇవాళ్టి నుంచి మొదలు."

ఆ మాట నన్ను వదల్లేదు. తాగే వీలే లేని చోట తాగకపోవడం మంచితనం అవుతుందా? అరిస్టాటిల్ ఇద్దరు మనుషుల్ని వేరుచేసి చూపిస్తాడు. ఒకడికి చెడ్డ కోరికే పుట్టదు. ఇంకొకడికి పుడుతుంది, కానీ లొంగడు. మొదటివాడే మెరుగని ఆయన తీర్పు. జైల్లో ఉన్నవాడు ఈ ఇద్దరిలో ఎవరూ కాదు. అతని బదులు గోడ నిగ్రహంగా ఉంటోంది, అంతే. గేటు దాటాకే అతనికి రెండోవాడయ్యే అవకాశం వస్తుంది. మా వీధి చివర వైన్స్ ముందు నుంచి రోజూ తల వంచుకుని నడిచివెళ్ళే మనిషిని చూశాక, ఆ రెండోవాణ్ణి తక్కువ చేయడానికి నాకు మనసు రాలేదు.

గేటు దాటడం చిన్న విషయం కాదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర జైళ్ళ నుంచి విడుదలైనవాళ్ళ గురించి 2007లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. బయటికొచ్చిన మొదటి రెండు వారాల్లో వాళ్ళు చనిపోయే ప్రమాదం ఆ రాష్ట్రంలోని మిగతా జనంతో పోలిస్తే 12.7 రెట్లు. అన్నిటికన్నా పెద్ద కారణం డ్రగ్స్ మోతాదు మించడం. లోపల ఉన్నన్నాళ్ళలో ఒంటికి అలవాటు తప్పుతుంది, మనసుకి మాత్రం పాత మోతాదే గుర్తుంటుంది. దేశం వేరు, మత్తు వేరు. అయినా అది చదివాక, మేం భయపడింది ఊరికే కాదనిపించింది.

ఒకరోజు బాబాయి ఆలస్యంగా వచ్చాడు. అమ్మ మంచినీళ్ళ గ్లాసుతో కావాలనే దగ్గరికి వెళ్ళింది. ఆయనకి అర్థమైంది. "వాసన చూడు వదినా, ఫర్లేదు" అని నోరు తెరిచాడు. అమ్మ నిజంగానే చూసింది.

అమ్మది తప్పని అనలేను. ఒక కుటుంబం మనిషిని పోగొట్టుకుంది. చనిపోయినాయనకి 'ఇవాళ్టి నుంచి లెక్క' అనేదే లేదు. ఆ సంగతి మర్చిపోయి బాబాయిని నెత్తిన పెట్టుకుంటే అది ప్రేమ కాదు, మరుపు. కానీ ఋజువు చూపించాకే నమ్ముతాం అంటే, నమ్మేవాళ్ళు లేకుండా ఋజువు ఎక్కణ్ణుంచి తెస్తాడు?

ఆమధ్య చంచల్‌గూడలో జైళ్ళ శాఖ నడిపే బంకులో పెట్రోల్ పోయించుకున్నాను. ఖైదీలకీ, విడుదలైనవాళ్ళకీ అక్కడ పని ఇస్తారు. ఒకాయన నా ఐదొందల నోటు తీసుకుని, చిల్లర లెక్కపెట్టి ఇచ్చాడు. ఋజువు కోసం ఆగకుండా ఎవరో ఆయన చేతికి డబ్బు అప్పగించారు. నమ్మకం అంటే బాగుపడ్డవాడికి చివర్లో ఇచ్చే బహుమతి కాదు, ముందే ఇచ్చే అప్పు. తిరిగి రాకపోవచ్చు కూడా. అందుకే ఎంత ఇవ్వగలమో చూసుకుని ఇవ్వాలి. లారీ తాళాలు ఇవ్వకూడదు. ఆ మాట బాబాయే అంటాడు.

నిన్న సాయంత్రం పాలకి వెళ్తుంటే చిల్లర వెతకకుండా పర్సే ఇచ్చాను. ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, జేబులో పెట్టుకుని వెళ్ళాడు. ఆ దారిలోనే వైన్స్ ఉంది. ఆయన వచ్చేదాకా నేను కిటికీ దగ్గర నుంచి కదల్లేదు. పాల ప్యాకెట్లు, పర్సు టేబుల్ మీద పెట్టి, "లెక్క చూసుకో రా" అన్నాడు. చూసుకోలేదు.

బాబాయికి అది నూట పన్నెండో రోజు. నాకు మొదటిది.