కనిపించని మంట

కడుపుమంట అన్న మాట మన తెలుగులో ఎంత అప్రతిష్ఠ పాలైందో ఎప్పుడైనా గమనించారా? ఎవరైనా తలనొప్పి అంటే అమృతాంజనం సీసా అందిస్తాం. అదే ఒక ఇల్లాలు నలుగురిలో "కడుపు మంటగా ఉందండీ" అని చూడండి. "ఎవర్ని చూసి?" అని నవ్వేవాళ్ళే అందరూ. పక్కింటావిడ కొత్తగా గాజులు చేయించుకుందేమోనని వాకబు చేసేవాళ్ళు కూడా ఉంటారు.

నాకీ మంట మూడేళ్ళుగా ఉంది. పక్కింటావిడ గాజులతో దీనికేమీ సంబంధం లేదు. రొమ్ము ఎముక వెనకనుంచి మెల్లిగా పైకి పాకి, గొంతులో వచ్చి కూర్చుంటుంది, మిరపకాయ తొడిమ అడ్డం పడ్డట్టు. పొద్దున్న లేస్తే గొంతు బొంగురు. పరగడుపున ఒక మాత్ర, రాత్రికో మాత్ర, మధ్యలో గులాబీరంగు మందు. కాఫీ మానేశాను. ఆవకాయ మానేశాను. ఆంధ్రదేశంలో పుట్టినదానికి ఇంతకంటే సన్యాసం ఏముంటుంది చెప్పండి? పుదీనా చలవ కదా అని కషాయం కాచుకు తాగితే ఇంకా ఎక్కువైంది. అన్నవాహిక అడుగున మూత లాంటి కండరం ఒకటి ఉంటుందట. పుదీనా దాన్ని వదులు చేస్తుందని ఆ తర్వాత తెలిసింది.

చివరికి గొట్టం వేసి చూశారు. "అంతా నార్మల్ అమ్మా" అన్నారు డాక్టరుగారు సంతోషంగా. మావారూ సంతోషించారు. సంతోషించందల్లా నేనొక్కదాన్నే. నిజం చెప్పొద్దూ, లోపల చిన్న పుండేదో ఉందంటే బావుండుననిపించింది. పుండుకున్న గౌరవం మంటకి లేదు. పుండు కాగితంమీద కనిపిస్తుంది. మంటకి సాక్షి నేనొక్కదాన్నే, ఆ సాక్ష్యం కొట్టేశారు.

ఆ రాత్రి నాకు పెదపారుపూడి గుర్తుకొచ్చింది.

అది మా అత్తవారి ఊరు. గుడివాడ దగ్గర. చుట్టూ వరిచేలు, కోతలయ్యాక మినుము. 2003లో నేను కాపురానికి వెళ్ళేసరికి మా అత్తగారికి ఈ జబ్బు ఉంది. ఆవిడ రాత్రి పదింటికి, అందరి భోజనాలూ అయ్యాక, వంటింట్లో పీటేసుకుని మిగిలిందేదో ఊరగాయతో కలుపుకు తినేది. గిన్నెలు సర్దుకుని వెంటనే నడుం వాల్చేది. తెల్లవారుజామున నాలుగింటికి గేదెల దగ్గరికి లేవాలిగా మరి. అర్ధరాత్రి మెలకువొచ్చి చూస్తే లేచి కూర్చుని ఉండేది. "గొంతులో నిప్పులు పోసినట్టుందే అమ్మాయ్" అనేది.

మొదట్లో మజ్జిగ కలిపి ఇచ్చేదాన్ని. గుడివాడ తీసుకెళ్ళారు, బెజవాడ తీసుకెళ్ళారు. "ఏమీ లేదు" అన్నారు. ఏడాది తిరిగేసరికి ఆవిడ మంట అంటే నేను "ఊఁ" అనడం మొదలెట్టాను. బి.ఏ.లో సైకాలజీ ఒక సబ్జెక్టుగా చదివానన్న ధీమా ఒకటి ఉండేది నాకు. కొడుకు చెయ్యి దాటిపోతున్నాడని బెంగ, అది గొంతులో మంటగా తేలింది, అని తీర్మానించేశాను. మావారితో చెప్పాను కూడా. ఆయన నమ్మారు. చదువుకున్న పెళ్ళాం చెబితే నమ్మకుండా ఎలా ఉంటారు?

ఒకరోజు ఆవిడ, "మంచం తలవైపు కోళ్ళకింద రెండిటికలు పెట్టరాదుటే, కాస్త ఎత్తుగా ఉంటే హాయిగా ఉంటోంది" అని అడిగింది. అప్పుడే టైల్స్ వేయించాం. "గీతలు పడతాయి అత్తయ్యా" అన్నాను. మళ్ళీ అడగలేదు. ఆ తర్వాత వసారాలో స్తంభానికి ఆనుకుని, కూర్చునే కునుకు తీసేది.

మొన్న నా డాక్టరుగారు మందులచీటీ వెనక ఏం రాసిచ్చారో తెలుసా? తలవైపు మంచం ఆరేడు అంగుళాలు ఎత్తు చెయ్యాలి, కోళ్ళకింద ఇటికలైనా సరే. భోజనానికీ పడకకీ మధ్య మూడు గంటలుండాలి. ఎడమవైపు తిరిగి పడుకోవాలి. లంగా బొందు బిగించి కట్టకూడదు, పొట్టమీద ఒత్తిడి పడితే లోపలి పులుపు పైకి తంతుంది. ఆ మూడు గంటలన్నది మన వంటిళ్ళలో ఏ ఆడదానికి చిక్కిందో నాకు తెలీదు గానీ, ఇటికల సంగతి మాత్రం అక్షరం కూడా చదువుకోని మా అత్తగారు ఇరవై ఏళ్ళ కిందటే కనిపెట్టింది.

ఇదేం కొత్త రోగమూ కాదు. మన వైద్యులు ఆమ్లపిత్తమని పేరుపెట్టారు. మాధవనిదానంలో దానికో అధ్యాయమే ఉంది. అంత లోకాన్ని తలకిందులు చేసిన డార్విన్ మహాశయుడు కూడా పొట్టబాధతో జీవితమంతా వేగాడు. 1849లో మాల్వర్న్ అనే ఊరికి పోయి చన్నీళ్ళ చికిత్స చేయించుకున్నాడు. ఆయన జబ్బేమిటో ఈనాటికీ వైద్యులు వాదించుకుంటూనే ఉన్నారు. కడుపులో పుళ్ళ సంగతి మరీ చిత్రం. దిగులువల్లే, కంగారువల్లే అని రోగుల్ని ఏళ్ళ తరబడి మందలించారు. 1984లో బారీ మార్షల్ అనే ఆస్ట్రేలియా డాక్టరు ఒక సూక్ష్మజీవిని పెంచి, ఆ ద్రావకం తనే తాగి, కడుపులో వాపు తెచ్చుకుని మరీ చూపించాడు. 2005లో ఆయనకీ, రాబిన్ వారెన్‌కీ నోబెల్ బహుమతి వచ్చింది. దిగులుపడకండని తిట్లు తిన్న రోగులకి క్షమాపణ చెప్పినవాళ్ళెవరో మరి!

నా మంట ఆ జాతిది కాదు. పులుపు మామూలుగానే ఉన్నా, అక్కడి నరాలు దాన్ని మంటగా చెప్పడం కూడా ఒక జబ్బేనని 2016లో వైద్యులు పట్టికలోకి ఎక్కించారు. పులుపు తగ్గించే మాత్రలు దానికి పెద్దగా పనిచేయవు. దిగులు జబ్బుకి వాడే మందుల్నే చిన్న మోతాదులో, నరాల్ని నెమ్మదింపజేయడానికి ఇస్తారు. ఆ చీటీ చదివి మా ఆడపడుచు, "అయితే మనసుదే అన్నమాట వదినా" అంది జాలిగా. నేను ఇరవై ఏళ్ళ కిందట ఆడిన మాట నాకే తిరిగొచ్చింది.

(ఒక్కమాట. మింగుడు పడకపోయినా, ఒళ్ళు తగ్గిపోతున్నా, విరేచనం నల్లగా అయినా ఈ వ్యాసం పక్కన పడేసి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మంట దవడకో చేతికో పాకి చెమటలు పోస్తే అది గుండె కావచ్చు. "గ్యాసేలే" అని ఆడవాళ్ళు ఓర్చుకునేది చాలావరకు అక్కడే.)

సరే, ఎవరేం చెప్పినా నమ్మెయ్యాలా అంటారు మీరు. నిజమే, జబ్బుని కొరడాలా వాడేవాళ్ళు ఉన్నారు. తలనొప్పి పేరుచెప్పి ఇల్లంతా పరుగులు పెట్టించినవాళ్ళని నేనూ చూశాను. కానీ లెక్క వేసుకుని చూడండి. అబద్ధాన్ని నమ్మితే నాకు పోయేది గ్లాసుడు మజ్జిగ, రెండిటికలు, టైల్స్‌మీద నాలుగు గీతలు. నిజాన్ని నమ్మకపోతే ఆ మనిషికి మంట మంటగానే ఉంటుంది, పైగా అబద్ధాలకోరు అన్న పేరు కూడా. ఈ రెంటినీ ఒకే తక్కెడలో ఎలా తూస్తాం?

అలాగని మంట ఉన్నవాళ్ళం దేవతలమేం కాదు. మొన్న గొంతు మండుతున్న కోపమంతా పనమ్మాయిమీద చూపించాను, బొచ్చె పగిలిందని. ఆ పిల్ల చేసిన తప్పల్లా ఆ క్షణంలో ఎదురుగా ఉండటం. మా అత్తగారు అలా ఎప్పుడూ అరిచినట్టు గుర్తులేదు నాకు. అరిచి ఉంటే నమ్మేదాన్నేమో. లేక ఇంకా గట్టిగా సైకాలజీ చెప్పేదాన్నా?

ఆవిడ 2016లో పక్షవాతంతో పోయింది. పోయేముందు అడగాల్సింది అడగలేదు నేను, అడగాలని అప్పటికి నాకు తెలీదు కూడా.

ఈ సంక్రాంతికి పెదపారుపూడి వెళ్ళాం. ఇల్లు సున్నం వేయించారు. వసారా స్తంభంమీద మాత్రం, కూర్చున్న మనిషి తల తగిలేంత ఎత్తులో, నూనె మరక లీలగా మళ్ళీ పైకి తేలింది. ఏటా సున్నం వేస్తాం, ఏటా తేలుతుంది. ఆ రాత్రి అందరూ పడుకున్నాక గొంతు మండుతుంటే లేచి వెళ్ళి అక్కడే కూర్చున్నాను. తల సరిగ్గా ఆ మరకమీదే ఆనింది.